గడియారం కింద ఎవ్వరూ లేరు

పోయిన ఎండాకాలం మా మామ మంచంలోనే పోయాడు. పగలు భోంచేసి కాసేపు నడుం వాల్చినవాడు మళ్లీ లేవలేదు. ఫోన్లో ఈ మాట చెప్పేటప్పుడు మా అమ్మ ఏడుస్తూనే ఉంది గానీ, ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. జమ్మలమడుగు చుట్టుపక్కల ఆయన ఈడు మగవాళ్లలో, అందులోనూ ఆయన తిరిగిన తిరుగుళ్లు తిరిగినవాళ్లలో, ఇంట్లో మంచం మీద పోవడమంటే మాటలు కాదు. చూడడానికి వచ్చినవాళ్లు కూడా "అదృష్టవంతుడప్పా" అన్నారట. అందులో ఒకరిద్దరు అసూయగానే అన్నారని అమ్మ చెప్పింది.

మామ అంటే మా అమ్మకు అన్న. ఫ్యాక్షన్ నాయకుడని అనుకునేరు, అంత లేదు. నాయకుడి జీపులో వెనకసీటు మనిషి. మా వైపు పార్టీ అంటే జెండా కాదు, మనుషులు. ఎన్నికలొచ్చినప్పుడు ఎదుటివాళ్లు ఏ జెండా పట్టుకుంటారో చూసుకుని, మావాళ్లు దానికి ఎదురుగా ఉండే జెండా పట్టుకునేవాళ్లు. ఒకసారి ఇద్దరూ తొందరపడి ఒకే జెండా కిందికి వచ్చేశారు. పైవాళ్లు తలపట్టుకున్నారు గానీ మామ మాత్రం ఏమీ తొణకలేదు. "జెండా ఒగటైతే ఏంది, కొట్టుకునేది ఎట్లా కొట్టుకుంటాం గదా" అన్నాడు.

ఆయన ఎక్కడ కూర్చున్నా వీపుకు గోడ ఉండాలి. నా చిన్నప్పుడు ప్రొద్దుటూరుకు తీసుకుపోతే, కారం దోసె తినే హోటల్లో మూల బల్ల ఖాళీ అయ్యేదాకా మేము నిలబడే ఉండేవాళ్లం. మిగతా బల్లలన్నీ ఖాళీగా ఉన్నా సరే. మూల బల్ల దగ్గర తినేవాడి పక్కన నిలబడి మామ ఎంతో మర్యాదగా, "నిదానంగా తినప్పా, తొందరేం ల్యా" అనేవాడు. ఆ మీసం చూసి పాపం అవతలివాడు సగం దోసె వదిలేసి లేచిపోయేవాడు. టీ వస్తే తన గ్లాసు నాకిచ్చి నా గ్లాసు ఆయన తీసుకునేవాడు. అది ప్రేమ అనుకునేదాన్ని చాలాకాలం. ఎవరింటికి పోయినా అట్లా గ్లాసులు మారుస్తాడని, అప్పుడు పక్కన ఎవరుంటే వాళ్లకే ఆ ప్రేమ దక్కుతుందని తరవాత తెలిసింది.

ఇక ప్రయాణం సంగతి. పులివెందులకు పోతున్నానంటే జీపు జమ్మలమడుగు వైపు తిరిగేది. రేపు వస్తానంటే ఈరోజే దిగేవాడు, లేదా ఎల్లుండి. పోయిన దోవలో తిరిగి రావడం ఆయన ఎరగడు. మా అత్త మాత్రం రోజూ ఆయనకు కూడా కలిపి సంగటి కెలికేది, వస్తే తింటాడు, రాకపోతే గేదె తింటుంది. "మీ మామ పెండ్లికి కూడా ముందురోజే వచ్చి పక్కింట్లో పండుకున్యాడు మే. మా నాయన ఊరందరితో ఎదురు సన్నాహం పెట్టుకుని పొలిమేర కాడ నిలబడ్తే, ఈయప్ప వెనక వాకిట్లో పండ్లు తోముకుంటాండాడు" అని చెప్పి నవ్వేది.

ఆ నవ్వు ఒకరోజుతో ఆగిపోయింది. ఊర్లో గొడవ జరిగి మావాళ్లలో ఒకాయనకు బాంబు తగిలింది. కేసు పెట్టేటప్పుడు మా వైపు పద్ధతి ఏమిటంటే, గొడవలో ఉన్నవాళ్ల పేర్లతో పాటు ఎదుటి పార్టీలో నాలుగు అక్షరమ్ముక్కలు వచ్చినవాళ్ల పేర్లు కూడా చేర్చేస్తారు. వాళ్లు ఆ రోజు ఊర్లో ఉన్నారా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఆ కేసులో మా అత్త తమ్ముడి పేరు వచ్చింది. అత్త పుట్టింటివాళ్లంతా ఎదుటి పార్టీ కాబట్టి ఆయనా ఎదుటి పార్టీ అయ్యాడు గానీ, కట్టె పట్టి ఎరగని మనిషి. పోలీసులు వచ్చే లోపల కువైట్ వెళ్లిపోయాడు. అక్కడ ఒక ఇంట్లో వంట చేస్తూ ఉండిపోయాడు.

అత్త ఏమీ అనలేదు. ఆరోజు నుంచి మామతో నేరుగా మాట్లాడడం మానేసింది, అంతే. అన్నం పెట్టేటప్పుడు గోడకు చెప్పేది: "కూడు చల్లారిపోతాంది." పిల్లి ఎదురైతే పిల్లికి చెప్పేది. మామ కూడా గోడకే జవాబు చెప్పేవాడు. వాళ్ల కూతురు ఆ గోడ నీడలోనే పెరిగి పెద్దదైంది.

కొన్నేళ్లకు రాజీ అయింది. రెండు వైపులా పెద్దలు కూర్చున్నారు, కోర్టులో సాక్షులందరికీ ఒక్కసారిగా మతిమరుపు వచ్చింది, కేసు కొట్టేశారు. అదే పనిలో మామ కేసులు కూడా పోయాయి, పాస్‌పోర్టు వచ్చింది. కూతురికి సంబంధం కుదిరింది. అప్పుడు అత్త గోడకు ఒక మాట చెప్పింది. పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. నా తమ్ముడు వచ్చి గంప పడితే నేను పీటల మీద కూర్చుంటా, లేకపోతే నా కూతురి పెండ్లి నేను చుట్టాల్లో కూర్చుని చూస్తా అంది. ఇంత పొడుగు మాట గోడకు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మామ ఆ పూట తినలేదు.

నేనప్పుడు గల్ఫ్‌లో ఒక పెద్ద ఊర్లో నర్సుగా చేస్తున్నా. రాయబారం నా మెడకు చుట్టుకుంది. అత్త తమ్ముడు నాకు వరసకు చిన్నాయన. కువైట్‌కు ఫోన్ చేస్తే ఆయన చెప్పాడు:

"వస్తా పాపా. కానీ ఒగన్నే రాను. హైదరాబాదులో దిగినాక బయట ఎవరుంటారో ఎవరికి తెలుసు? మీ మామనే వచ్చి నన్ను పిల్చకపోవల్ల. ఇమానంలో నా పక్కన కూచోవల్ల. ఊరి దాకా నేనెక్కిన జీపులోనే రావల్ల."

"అయితే మామను కువైట్‌కే పంపిస్తా చిన్నాయనా."

"వద్దు. నేనుండే ఇల్లు ఆయప్పకు తెలియగూడదు."

మామకు చెప్తే ఆయనకు ఇది చాలా సబబుగా తోచింది. రాజీ మాటలు ఎప్పుడూ ఇద్దరిదీ కాని ఊర్లోనే నడుస్తాయి. మావాళ్లు కొండాపురం వాళ్లతో మాట్లాడుకోవాల్సి వస్తే ప్రొద్దుటూరు పోయేవాళ్లు. మరి కువైట్‌కూ మా ఊరికీ నడుమ ఊరేది? నేనుండే ఊరి ఎయిర్‌పోర్టు. చిన్నాయన కువైట్ నుంచి వచ్చి అక్కడ విమానం మారాలి. మామ ముందే నా దగ్గరికి వచ్చి ఉంటే, ముగ్గురం అదే విమానంలో పెండ్లికి పోవచ్చు. లోపల దుకాణాల నడుమ ఒక పెద్ద గడియారం వేలాడుతూ ఉంటుంది, ఎంత తెలియనివాళ్లకైనా కనిపిస్తుంది. దాని కింద కలుద్దామని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు.

మామ వచ్చిన రోజు బయట నిలబడి నిలబడి నాకు కాళ్లు పీకాయి. ఆ విమానంలో వచ్చినవాళ్లంతా పోయారు, తరవాతి విమానం వాళ్లు కూడా పోయారు. ఆఖరికి తెల్ల పంచె ఒకటి కనిపించింది. "అందరూ ఒగే దోవన పోతాంటే నేనెట్ల పోతా మే? వాళ్లు పోయినాక నిదానంగా వచ్చినా" అన్నాడు. బాణం గుర్తుల బోర్డులంటే ఆయనకు అసలు నమ్మకం లేదు. "ఎవురో గీత గీసి ఇట్ల పో అంటే పోతామా" అని అడిగాడు. కదిలే మెట్ల మీద అడ్డంగా తిరిగి, వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు. వెనక నుంచి వచ్చే అరబ్బు షేకుకు దారి ఇస్తూ, "నువ్వు ముందు నడుసప్పా" అన్నాడు. ఇంట్లో అత్తకు ఏం చెప్పి వచ్చావని అడిగితే, "తిరపతి" అన్నాడు.

తిరుగు ప్రయాణం రోజు మిట్టమధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు చేరాం. తనిఖీ దగ్గర బెల్టు విప్పమన్నారు, చెప్పులు విప్పమన్నారు, మిషన్లోంచి నడవమన్నారు, చేతులు చాచమన్నారు. మామకు కోపం వస్తుందని భయపడ్డాను. ఆయన మాత్రం చేతులు చాచి నిలబడి, తనని తడిమే కుర్రాడి చేతులను పనితనం తెలిసినవాడిలాగా గమనించాడు. లోపలికి వచ్చాక ఒకచోట ఆగి, ఆ జనాన్నంతా తేరిపార చూశాడు.

"పాపా, వీళ్లందరినీ ఇట్లే ఎదికినారా?"

"అందరినీ మామా."

"అయితే ఈడ ఎవురి కాడా ఏమీ ల్యా." ఆయన గొంతు తగ్గింది. "ఇంతమంది ఉత్తచేతులతో తిరిగే తావు నేను యాడా చూళ్ల్యా మే. మన జమ్మలమడుగు బస్టాండులో ఈ మిసను పెట్టింటే శానామంది బతికిందురు."

గడియారం దగ్గరికి వచ్చేసరికి చిన్నాయన విమానం దిగి చాలాసేపయిందని బోర్డు చూపిస్తోంది. గడియారం కింద ఎవ్వరూ లేరు. మామను అక్కడ నిలబెట్టి నీళ్లు తెద్దామని వెళ్లాను. తిరిగొచ్చేసరికి మామ కూడా లేడు. వెతికితే, చాక్లెట్ల దుకాణం పక్కన లావుపాటి స్తంభానికి వీపు ఆనించి, తల మాత్రం కొంచెం బయటపెట్టి గడియారం వైపు చూస్తున్నాడు.

"ఈడేం చేస్తాండావు మామా?"

"చూస్తాండా. వాడు వచ్చినాక పోతా."

"నువ్వు కనపడకపోతే ఆయన ఎట్ల వస్తాడు?"

"నువ్వు పోయి నిలబడు. ఆడపిల్లవు, నిన్నెవురేం జేస్తారు?"

నిలబడ్డాను. మా అత్త తమ్ముడిని చిన్నప్పుడెప్పుడో చూసినదాన్ని, మొహం గుర్తు లేదు. ఆ జనంలో ప్రతి సన్నపాటి మనిషీ ఆయనే అనిపించాడు. ఒక మలయాళీ అయితే నా చూపులకు భయపడి దారి మార్చుకున్నాడు. ఈ రోజుల్లోలాగా అందరి చేతుల్లో ఫోన్లు లేవు, ఉన్నా ఒక దేశపు ఫోను ఇంకో దేశంలో పలికేది కాదు. మా విమానం ఎక్కేవాళ్లు రావొచ్చని బోర్డు మీద పడింది. ఈ విమానం తప్పితే పెండ్లికి చిన్నాయన లేడు, పీటల మీద అత్త లేదు, ఆ ఇంట్లో గోడతో మాటలు అట్లానే ఉండిపోతాయి.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. మామ దగ్గరికి పరిగెత్తాను.

"మామా, నువ్వే ఆయన అనుకో. ఈ ఎయిర్‌పోర్టులో యాడ నిలబడ్తావు?"

మామ కళ్లలో వెలుగు వచ్చింది. ఆ మూడు నాలుగు రోజుల్లో ఆయనకు అర్థమయ్యే ప్రశ్న ఎవరైనా అడిగింది అప్పుడే. తల మెల్లగా తిప్పుతూ ఆ హాలంతా కొలిచాడు. "వీపుకు గోడ ఉండల్ల. గడియారం కనపడల్ల. వచ్చే దోవ, పోయే దోవ రెండూ అగుపడల్ల. ఎచ్చుతగ్గు అయితే దూరిపోనీకి సందు ఉండల్ల." స్తంభాన్ని అరచేత్తో తట్టాడు. "ఇట్లాంటివి ఈడ రెండే ఉండాయి పాపా. ఒగటి ఈ స్తంభం. రెండోది, అదిగో, ఆ నమాజు గది పక్కన మూల." గడ్డంతో అటు చూపించి, "వాడు ఆడ్నే ఉండాడు" అన్నాడు.

"అయితే పోదాం పా."

"నేరుగా పోతారా ఎవురన్నా?" అని, సెంటు దుకాణం వెనక నుంచి, మరుగుదొడ్ల సందులోకి దూరి మాయమయ్యాడు. నేను గడియారం కిందికి వచ్చి నిలబడ్డాను. కొంతసేపటికి నమాజు గది మూలలో తెల్ల పంచె తేలింది. హమ్మయ్య అనుకుని యథాలాపంగా స్తంభం వైపు చూశాను. అక్కడ ఒక సన్నపాటి మనిషి, తలకు టోపీ, సంచి రొమ్ముకు అదుముకుని, స్తంభానికి వీపు ఆనించి, తల కొంచెం బయటపెట్టి గడియారం వైపు చూస్తున్నాడు. ఆయన కూడా చుట్టు తిరిగి వచ్చాడు, వేరే దోవన. ఇద్దరూ ఒకరి తావులోకి ఒకరు మారారు. నాకు నవ్వు ఆగలేదు. ఆ దేశంలో ఆడది నడిబజారులో ఒంటరిగా నిలబడి అంతగా నవ్వకూడదు, అయినా నవ్వాను.

పోయి పలకరించాను. "చిన్నాయనా."

ఆయన నన్ను చూడలేదు, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. "మీ మామ యాడ?"

"ఇంతసేపూ నువ్వు నిలబడిన తావులో."

చూశాడు. ఇంత పెద్ద హాలు, వందల మంది, పెట్టెలు, పిల్లలు, ఆ అంచున ఆయనా ఈ అంచున ఈయనా. చూపులు కలిశాయి. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. "ఆయప్పను ముందు రమ్మను" అన్నాడు చిన్నాయన. నేను ఆ అంచుకు పోయి చెప్పాను. "వాన్నే ముందు రమ్మను" అన్నాడు మామ. ఈ అంచుకు వచ్చాను. చేతుల్లో రెండు సంచులతో నేను ఆ పాలరాతి నేల మీద అటూ ఇటూ తిరుగుతుంటే, ఊడ్చే యంత్రం నడిపే బంగ్లాదేశీ పని ఆపి చూస్తున్నాడు.

అప్పుడు మైకులో ఒక అమ్మాయి గొంతు వినిపించింది. ఆఖరి పిలుపు. ముందు మామ పేరు, ఇంటిపేరుతో సహా. దాని వెంటనే చిన్నాయన పేరు. ఆ తరవాత నాది. ఏ గేటుకు రావాలో, ఎంత తొందరగా రావాలో, అందరికీ వినబడేలా రెండోసారి కూడా చెప్పింది. మా ఊర్లో మామ పేరు అంత గట్టిగా పలికిన వాళ్లు పోలీసులైనా అయ్యుండాలి, లేదా ఆయన ప్రాణం కోసం వచ్చినవాళ్లైనా అయ్యుండాలి. ఆయన మొహం తెల్లబోయింది. నాకు మాత్రం వేరే సంగతి తట్టింది. ఈ ఇద్దరి పేర్లు ఒకదాని పక్కన ఒకటి పలికింది ఇంతకుముందు ఆ కేసులో, సాక్షి మామ, ముద్దాయి చిన్నాయన అని కాగితం చదివినప్పుడే.

మామకూ అదే తట్టిందో ఏమో. మూల వదిలిపెట్టాడు. అటూ ఇటూ చూడలేదు, చుట్టు తిరగలేదు. జనం భుజాలు తగులుతున్నా ఆగకుండా, ఆ హాలు నడిమధ్యగా నేరుగా నడిచి వచ్చి గడియారం కింద నిలబడ్డాడు. పంచె కొస చేత్తో పట్టుకుని ఉన్నాడు. అంత ఖాళీ స్థలంలో ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఎందుకో చాలా చిన్నగా, ముసలివాడిగా కనిపించాడు. నాకు ఏడుపొచ్చింది.

చిన్నాయన వచ్చాడు. ఇద్దరి మధ్య ఒక పెట్టె పట్టేంత ఎడం ఉంది.

"నీ పేరు చెప్పింది పార్టీవోళ్లు కాదు రా" అన్నాడు మామ. "నేనే చెప్పినా. ఇంకొగ పేరు కావల్లంటే నీ పేరు చెప్పినా."

"తెలుసు బావా."

"తెలిసీ వచ్చినావా?"

"తెలుసు కాబట్టే ఇంతసేపు ఆడ నిలబడినా" అన్నాడు చిన్నాయన. తరవాత సంచి భుజానికి వేసుకుని, "పాప పెండ్లి గదా, నడువు. ఇమానం పోతాది" అన్నాడు.

నడవడం అంత తేలిక కాలేదు. ఎవరు ముందు నడవాలన్నది తేలలేదు. ఆఖరికి ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. విమానంలోకి పోయే ఆ ఇరుకు సొరంగంలో కూడా అట్లాగే నడిచి, వెనకవాళ్లందరినీ నిలబెట్టేశారు. విమానంలో టీ ఇస్తే మామ తన కప్పు చిన్నాయనకిచ్చి ఆయనది తీసుకున్నాడు. చిన్నాయన ఒక్క క్షణం చూసి, మళ్లీ మార్చాడు. ఎవరి టీ వాళ్లే తాగారు.

ఇంటి ముందు జీపు దిగినప్పుడు అత్త వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది. తమ్ముడిని చూసింది. చేట కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తరవాత మామ మొహంలోకి, గోడ వైపు కాదు, మొహంలోకి చూసి అంది: "తిరపతికి పోయి లడ్డు తేకుండా వీన్ని తెచ్చినావా?" మామ జవాబు చెప్పబోయి గోడ వైపు తిరిగాడు. అంతకాలం గోడతో మాట్లాడిన మనిషికి మొహం చూసి చెప్పే అలవాటు తప్పిపోయినట్టుంది.

పెండ్లి ప్రొద్దుటూరులో, కల్యాణ మండపంలో జరిగింది. రెండు పార్టీల వాళ్లూ వచ్చి కుర్చీలన్నీ నింపేశారు, నడుమ సన్న దోవ మాత్రం మిగిలింది. చిన్నాయన కువైట్ వంటింట్లో ఎండిపోయిన మనిషి. మామ కూతురు, దేవుడి దయవల్ల, అట్లా లేదు. గంప ఒక్కడి వల్ల లేవలేదు. రెండో వైపు పట్టడానికి ఇంకో మేనమామ లేడు. పెద్దలు తర్జనభర్జన పడుతుంటే మామ పీట మీద నుంచి లేచి వచ్చాడు. "తండ్రి పట్టకూడదు" అన్నాడు అయ్యవారు. "గంప పట్టేది మేనమామనే. నేను ఉత్త చెయ్యి వేస్తా" అన్నాడు మామ. అయ్యవారు ఒప్పుకుని ఒక్క షరతు పెట్టాడు, మేనమామ మొహం మాత్రం మండపం వైపే ఉండాలన్నాడు. అంటే ముందుండే మామ వెనక్కి నడవాలి.

నడిచాడు. గంప అంచు రెండు చేతులా పట్టుకుని, కూతురి నెత్తి మీదుగా బావమరిది మొహంలోకి చూస్తూ, రెండు పార్టీల నడుమ నుంచి వెనక్కి వెనక్కి నడిచాడు. పీటల మీద నుంచి అత్త చూస్తోంది.

"ఎడమకు రా బావా. ఆ... ఇంకొంచెం. కుర్చీ ఉంది, చూసుకో." చిన్నాయన దోవ చెప్తున్నాడు. "ఇప్పుడు మెట్టు. కాలెత్తు."

మామ కాలెత్తాడు. వెనక్కి తిరిగి చూడకుండా మెట్టు మీద పెట్టాడు.